పోసినదానికంటే ఎక్కువ వచ్చిన నీళ్ళు

మా స్నేహితుల అమ్మాయి ఒకతె ఉంది, అమెరికాలోనే, ట్రాయ్ అనే ఊళ్ళో పుట్టి పెరిగింది. ఒక యూనివర్సిటీలో విదేశీ విద్యార్థులకు సలహాదారుగా ఉద్యోగం వచ్చిందని మొన్న ఫోన్ చేసింది. "నువ్వు ఈ జాబ్ చేశావ్ కదా ఆంటీ, నాకు ఏం చెప్తావ్?" అని అడిగింది. పెద్దవాళ్ళని మీరు అనాలని ఆ పిల్లకు ఎవరూ నేర్పినట్టు లేదు. నేర్పలేదు కాబట్టే అంత సూటిగా అడిగింది, నాకు నచ్చింది.

అరగంట మాట్లాడాను. మాట్లాడమని మా గోదావరి జిల్లా వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. తీరా ఫోన్ పెట్టేశాక చూసుకుంటే, చెప్పవలసిన ముక్క ఒక్కటీ చెప్పలేదు. అందుకని కూర్చుని నీకే రాస్తున్నానమ్మాయ్. నాకు ఎన్ని ప్రమోషన్లు వచ్చాయో, ఏ ఫారం మీద ఎవరు సంతకం పెట్టాలో ఇందులో ఉండదు. అవన్నీ నీకు మొదటి వారంలోనే ఆఫీసువాళ్ళు చెబుతారు.

ఇంటిపేరు పుణ్యం

డెబ్భైల చివర్లో మేం ఇల్లినాయ్‌లో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక యూనివర్సిటీ ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. నాకు ఎం.ఏ. ఉంది, టైపు వచ్చు, ఇంట్లో పొద్దు పోదు. విదేశీ విద్యార్థుల ఆఫీసులో ఫైళ్ళు సర్దడానికి మనిషి కావాలంటే వెళ్ళాను.

అక్కడ మనవాళ్ళ ఫైళ్ళన్నీ కలగాపులగం. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్ళు చివర వెతుకుతారు. ఒకే కుర్రాడికి మూడు పేర్లతో మూడు ఫైళ్ళు ఉండేవి. ఒక ఫైలు ప్రకారం అతను ఇండియా నుంచి ఇంకా రానేలేదు, ఇంకో ఫైలు ప్రకారం చదువు ముగించి వెళ్ళిపోయాడు. మనిషి మాత్రం మా కౌంటరు ముందు నిలబడి ఉన్నాడు. రెండు వారాల్లో ఆ సొరుగులన్నీ దారికి తెచ్చాను. మా డైరెక్టరు ఎలెయిన్ వచ్చి, ఒక సొరుగు లాగి చూసి, సోమవారం నుంచి విద్యార్థులతో కూడా నువ్వే మాట్లాడు అంది. నేను సలహాదారునైంది అలాగ.

ఎలెయిన్‌కి అప్పటికే యాభై దాటాయి. రైతు కుటుంబం మనిషి, ఎప్పుడూ నడక బూట్లు వేసుకునే ఉండేది. తక్కువ మాట్లాడేది. నేను ఎక్కువ మాట్లాడతాను కనక ఇద్దరికీ సరిపోయింది. ఆవిడ తర్వాత నాకు చాలామంది బాసులు వచ్చారు. కొందరు మంచివాళ్ళు, కొందరు మీటింగులు పెట్టడమే పని అనుకున్నవాళ్ళు. పని నేర్పింది మాత్రం ఎలెయిన్ ఒక్కావిడే.

ఏమీ అక్కర్లేదండీ

ఆగస్టులో కొత్త గ్రాడ్యుయేట్ విద్యార్థులు దిగేవారు. ప్రతివాళ్ళ చేతిలో పదకొండు పేజీల కరపత్రం పెట్టేవాళ్ళం. జ్వరమొస్తే ఎక్కడికి వెళ్ళాలి, ఇంగ్లీషు వ్యాసం దిద్దిపెట్టే గది ఎక్కడ, మనసు బాగోకపోతే మాట్లాడే కౌన్సెలర్ ఎక్కడ, ప్రొఫెసరుతో పేచీ వస్తే మధ్యవర్తి ఎవరు, అన్నీ అందులో ఉండేవి. మంచి ఏర్పాట్లే. నేను చదువుకున్న చోట వాటిలో ఒక్కటీ లేదు. చివరి పేజీలో ఒక ఫారం. మీకు ఏ సాయం కావాలో ఆ గడిలో టిక్కు పెట్టండి అని. మనవాళ్ళందరూ ఒకే గడిలో పెట్టేవారు, ఏమీ అక్కర్లేదని.

అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత మనదే. ఒకరింటికి వెళితే నోరు తెరిచి అడగకూడదనీ, రెండుసార్లు వద్దని మూడోసారి బలవంతపెడితేనే పుచ్చుకోవాలనీ నేర్పేదీ మనమే. ఎవరింట్లోనైనా "ఇప్పుడెందుకండీ" అనకుండా కాఫీ అందుకుంటే మా అమ్మ ఇంటికొచ్చాక తొడపాశం పెట్టేది. అమెరికా ఆఫీసు ఒక్కసారే అడుగుతుంది. వద్దంటే నిజంగానే వద్దనుకుని కాగితం ఫైల్లో పెట్టేస్తుంది. ఈ మొహమాటం అన్నదానికి నాకు ఇంగ్లీషులో మాట దొరకలేదు, ఎలెయిన్‌కి అర్థమయ్యేలా చెప్పడానికి వారం పట్టింది.

అర్థమయ్యాక ఆవిడ ఊరుకోలేదు. మా ఆఫీసు వెనక గదిలో చలికాలం కోట్లు ఉండేవి, ఊళ్ళోవాళ్ళు ఇచ్చినవి, నలభై దాకా. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. నవంబరు వచ్చినా మనవాళ్ళు స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కుని వణుకుతూ తిరిగారే కాని ఆ గది గడప తొక్కలేదు. ఒకరు విడిచిన బట్ట, అందులోనూ దానం! నేను కేకలేశాను, బతిమాలాను, లాభం లేకపోయింది. ఎలెయిన్ ఒక బోర్డు పెట్టించింది. గది ఖాళీ చెయ్యాలి, ఈ కోట్లు ఊరికే ఉంటే పురుగు పట్టిపోతాయి, దయచేసి ఒక్క చలికాలం మీ ఒంటి మీద ఉంచి మాకు సాయం చెయ్యండి అని. మధ్యాహ్నానికి హాంగర్లు మిగిలాయి. సాయం పుచ్చుకోమంటే సిగ్గుపడేవాళ్ళు సాయం చెయ్యమంటే పరిగెత్తుకొస్తారు. ఇది నీ టేబులు మీద రాసి పెట్టుకో.

నేను చేసిన వెధవ పని కూడా ఒకటి చెప్పాలి. మనవాళ్ళ శనివారం పాట్‌లక్‌లో, అంటే తలా ఒక వంట తెచ్చుకునే విందులో, గిన్నెలు సర్దుతూ, ఫలానా అబ్బాయి పాపం దిగులుగా ఉంటున్నాడండీ అని ఒకావిడతో అన్నాను. జాలితోనే అన్నాను. ఆ మాట చెవిన పడి, ఆదివారం సాయంత్రానికి ఎక్కడో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో ఉన్న అతని బాబాయి కారేసుకుని వచ్చి వాలాడు. ఆ అబ్బాయి మళ్ళీ నా గదికి రాలేదు, వాడి స్నేహితులు కూడా రాలేదు. తెలుగువాళ్ళకు తెలుగు సలహాదారు ఉండటం అదృష్టమే. ఆ సలహాదారు నోరు పాట్‌లక్‌లో మూసుకుని ఉంటేనే సుమా.

సుగుణ అడిగిన ప్రశ్న

అసలు చెప్పదలుచుకున్నది సుగుణ సంగతి. ఎనభైల మొదట్లో హనుమకొండ నుంచి వచ్చింది. సివిల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ, మట్టిలోకి నీళ్ళు ఎలా ఇంకుతాయన్న దాని మీద. ఆ ఏడు ఆ డిపార్ట్‌మెంట్‌లో చేరిన ఆడపిల్ల తనొక్కతే. పొట్టిగా, సన్నగా ఉండేది, నడక మాత్రం బస్సు తప్పిపోతున్నంత వేగం. మార్కులు చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. వచ్చిన రోజే నన్ను అక్కా అంది. ఆ పిలుపంటే నాకు మోజు, దాచడమెందుకు.

అక్టోబరులో ఒక రోజు నా గదికి వచ్చి కుర్చీ అంచు మీద కూర్చుంది. ఇంటి సంగతులు, వంట సంగతులు అయ్యాయి. లేచి నిలబడి, వెళ్ళబోతూ అడిగింది.

"అక్కా, ఈ దేశంల పెద్దోళ్ళు ఏదన్న తప్పు చేస్తె, చిన్నోళ్ళు ఏం చెయ్యాలె?"

బయట ఆరుగురు కాచుకుని ఉన్నారు. తను అద్దెకుంటున్న ఇంటి ముసలావిడ పోపు వాసనకి సణుగుతుందని అంతకుముందు చెప్పింది, ఇదీ ఆ గొడవే అనుకున్నాను. ఏ పెద్దవాళ్ళు, ఏం తప్పు అని అడగలేదు.

"ఎక్కడైనా పెద్దవాళ్ళు పెద్దవాళ్ళేనమ్మా. ఎదురు చెప్పకు, కాస్త సర్దుకుపో. వాళ్ళే తెలుసుకుంటారు," అన్నాను.

మా నాన్న నాకు చెప్పిన మాటా, మా అత్తగారు చెప్పిన మాటా కలిపి ఒక్క ముక్కలో చెప్పానని మురిసిపోయాను కూడా. సరే అక్కా అని వెళ్ళిపోయింది. తన ఫైల్లో "చక్కగా అలవాటుపడుతోంది" అని రాసి సంతకం పెట్టాను.

మార్చిలో వచ్చిన ఉత్తరం

మార్చిలో సివిల్ డిపార్ట్‌మెంట్ నుంచి మాకు ఒక ఉత్తరం నకలు వచ్చింది. వచ్చే ఏడాదికి సుగుణ అసిస్టెంట్‌షిప్ పొడిగించడం లేదని. ప్రొఫెసరు దగ్గర పనిచేసినందుకు ఫీజు లేకుండా చదువు, తిండికి సరిపడా స్టైపెండు, అదే అసిస్టెంట్‌షిప్. అది పోతే సీటు నిలవదు, సీటు నిలవకపోతే వీసా నిలవదు. మే నెలలో పెట్టె సర్దుకోవడమే. సుగుణ గైడు ప్రొఫెసర్ బెకర్ రాసిన కారణం రెండే వాక్యాలు. అయిదు నెలలుగా ప్రతి వారం అర్థంలేని అంకెలే తెస్తోంది. ఇవేమిటని అడిగితే మళ్ళీ చేస్తానంటుందే తప్ప ఒక్క మాట వివరించదు. పది రోజుల్లో డిపార్ట్‌మెంట్ కమిటీ కూర్చుని దీన్ని ఖాయం చేస్తుంది.

సుగుణని పిలిపించాను. ఉత్తరం తనకు ముందే అందింది. ఏడవలేదు, మొహం మాత్రం పాలిపోయి ఉంది. "ఏం గాదక్కా, నాది నేను చూసుకుంట," అంది. ఏం చూసుకుంటావే తల్లీ అంటే నేల చూపులు చూసింది.

నేను ఎలెయిన్ గదిలోకి వెళ్ళి బెకర్‌ని చెడామడా తిట్టాను. ఆడపిల్ల అనీ, మన పిల్ల అనీ ఆయనకు లోకువ అన్నాను. అంతా విని ఆవిడ ఒక్కటే అడిగింది, ఆ అమ్మాయి పనిచేసే చోటు ఎప్పుడైనా చూశావా అని. లేదన్నాను. ఈ అయిదు నెలల్లో ఒక్కసారైనా? లేదు. అయితే నీ కుర్చీలోంచి కనపడినంతే చూశావన్నమాట, అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నిజం కాబట్టి మరీ మండింది.

బేస్‌మెంట్

మర్నాడు పొద్దున్నే సివిల్ బిల్డింగ్ బేస్‌మెంట్‌కి వెళ్ళాను. సుగుణ కంగారుపడింది. ఏం లేదు, నీ పనేమిటో నాకు చూపించు అన్నాను. మట్టి నింపిన గాజు గొట్టాలు నాలుగు, మనిషెత్తున నిలబెట్టి ఉన్నాయి. పైనుంచి కొలిచి నీళ్ళు పోస్తారు, కింద మీటరు ఉంటుంది. మీటరు ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, గోడ మీద చార్టు ప్రకారం ఎన్ని నీళ్ళు బయటికొచ్చాయో లెక్కకట్టాలి. చార్టు పాతది, చేత్తో గీసింది, కింద బెకర్ సంతకం ఉంది. వయసులో ఉన్నప్పుడు ఆయనే కూర్చుని గీశాడట, దాంతోనే ఆయనకు పేరొచ్చిందట.

నాకు సైన్సు సున్నా. తోచిందల్లా అడిగాను. ఎన్ని నీళ్ళు పోశావు? చెప్పింది. ఎన్ని వచ్చాయి? చార్టు చూసి చెప్పింది. నేను వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. పోసినదానికంటే ఎక్కువ.

"అదెలాగమ్మా? పోసినవాటికంటే ఎక్కువ ఎలా వస్తాయి?"

"రావక్కా," అంది. ఆ వారంలో మొదటిసారి నవ్వింది.

తర్వాత మెల్లగా బయటపెట్టింది. ఆ మీటరు కొన్నాళ్ళు మూలపడి ఉండి, తను రావడానికి ముందే రిపేరుకి వెళ్ళొచ్చింది. అప్పటినుంచీ పాత చార్టుకీ దానికీ పొంతన లేదు. ఆ సంగతి సుగుణ అక్టోబరులోనే పట్టుకుంది. సొరుగులోంచి పొడుగాటి నోటుబుక్కు ఒకటి తీసింది. ప్రయోగం ఒక్కసారే, లెక్కలు మాత్రం రెండుసార్లు. ఒకటి సారు చార్టు ప్రకారం, వారం వారం మీటింగులో చూపించడానికి. రెండోది నీళ్ళను కొలత జాడీలో పట్టి, తనే కొత్తగా చార్టు గీసుకుని, ఈ నోటుబుక్కులో. అయిదు నెలల పని, ఒక్క వారం తప్పకుండా, ముత్యాల్లాంటి అంకెలతో ఉంది. నా చేతుల్లో పెట్టి దించుకున్న తల ఎత్తలేదు.

"మరి ఇవెందుకు చూపించలేదు?"

"సార్ చార్టు తప్పని పదిమందిల ఎట్ల చెప్తనక్కా? ఆయన చేతితోని గీసింది. వారం వారం అంకెలు చూస్తుండు కద, ఆయనకే దెలుస్తదనుకున్న."

అక్టోబరులో తను అడిగిన పెద్దాయన ఎవరో అప్పుడు తెలిసింది నాకు. ఆ పిల్ల తన తెలివితక్కువ వల్ల మునగలేదు, నా మాట విని మునిగింది. ఆ మాట అక్కడే, ఆ గొట్టాల ముందే ఒప్పుకోవాల్సింది. పెద్దరికం అడ్డొచ్చింది. ఇంత పని చేసి ఎవరైనా దాచుకుంటారా అని ఎదురు తననే కసిరాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ కసురు గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఇలాంటి తప్పు బద్ధకస్తులు చెయ్యరు. రెండింతలు కష్టపడేవాళ్ళు, మర్యాదగా పెరిగినవాళ్ళు చేస్తారు. డిపార్ట్‌మెంటుకి వాళ్ళు చేతకానివాళ్ళలా కనిపిస్తారు, కాబట్టి డిపార్ట్‌మెంట్ రాసే రెండు వాక్యాలు చదివి ఆగిపోకు.

నాలుగు మాటల రిహార్సల్

ఆఫీసుకి రాగానే బెకర్‌కి చెప్పేద్దామని ఫోన్ ఎత్తాను. ఎలెయిన్ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు చెబితే నువ్వు తెలివైనదానివని ఆయనకు తెలుస్తుంది. తెలియాల్సింది ఆ అమ్మాయి సంగతి," అంది.

పైగా వచ్చే ఏడాది ఇంకో తప్పు కనబడితే అప్పుడూ నువ్వే ఫోన్ చేస్తావా అని అడిగింది. ఫోన్ పెట్టేశాను. కమిటీకి ఇంకా వారం ఉంది.

మూడు రోజులు, రోజూ ఆఫీసు మూసే వేళకి, నా గదిలో రిహార్సల్ పెట్టాం. నేను బెకర్‌ని. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, కుర్చీలో వెనక్కి వాలి, ఈ అంకెల గురించి ఏమంటావు అని అడగాలి. తను "మీ చార్టు తప్పు" అనాలి. ఇంగ్లీషులో నాలుగు మాటలు, అంతే. మొదటి రోజు, బహుశా నా పొరపాటేమో సార్ అంది. రెండో రోజు, మీటరులో ఏదైనా చిన్న సమస్య ఉండే అవకాశం ఉండొచ్చేమోనని అనుమానం సార్ అంది. ఆయనకు నీ మాట అర్థమయ్యేసరికి నువ్వు హనుమకొండ చేరిపోతావు అన్నాను. మూడో రోజు నాకు ఓపిక చచ్చి గొంతు పెంచాను.

"మీరు ఒర్లితె నాకు ఇంకింత గొంతు వట్టుకపోతదక్కా," అంది. కాసేపు కూర్చుని ఆలోచించి తనే మళ్ళీ మొదలుపెట్టింది. పదిమంది ముందు తనవల్ల కాదట. ఆయనొక్కణ్ణే బేస్‌మెంట్‌కి పిలుస్తుందట. ముందు నీళ్ళు పోసి చూపిస్తుందట, చూపించాక చెబుతుందట.

అలా కాదు, ఇలా చెయ్యి అనబోయాను. ఎలెయిన్ తలుపు దగ్గర నిలబడి వింటోంది. నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది, నేను నోరు మూసుకున్నాను. మర్యాద వదిలిపెట్టకుండా నిజం చెప్పే దారి ఆ పిల్ల తనే వెతుక్కుంది. నాకు తట్టలేదు, ఎలెయిన్‌కీ తట్టలేదు.

ఎప్పటినుంచి తెలుసు?

శుక్రవారం పది గంటలకు రమ్మని బెకర్‌కి సుగుణే ఫోన్ చేసింది. నన్ను బయట బెంచీ మీద కూర్చోమంది. కొంత నాకు తలుపు అద్దంలోంచి కనబడింది, మిగతాది తర్వాత తను చెప్పింది.

బెకర్ పొడుగాటి మనిషి. జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. సుగుణ నీళ్ళు కొలిచి పోసింది. అవి మట్టిలోంచి కిందికి దిగేదాకా ఇద్దరూ గొట్టాన్నే చూశారు. జాడీలో పట్టిన నీళ్ళు చూపించి, మీటరు చూపించి, గోడ మీద చార్టు దగ్గరికి వెళ్ళి వేలు పెట్టింది. ఆయన వంగి జాడీ చూశాడు, చార్టు చూశాడు. ఇంకోసారి పొయ్యి అన్నాడు. మళ్ళీ పోసింది, మళ్ళీ అంతే. అప్పుడు చెప్పింది.

"మొదలు మెల్లగ అన్ననక్కా, ఆయనకు ఇనవడలే. మళ్ళ గట్టిగ అన్న," అని తర్వాత నాతో చెప్పింది.

ఇది ఎప్పటినుంచి తెలుసు అని బెకర్ అడిగాడట. అక్టోబరు నుంచి సార్, అంది. ఆయన మొహం ఎర్రబడటం నాకు అద్దంలోంచి కనిపించింది. అయిపోయింది అనుకుని లేచి నిలబడ్డాను. చార్టు తప్పన్నందుకు కాదట ఆ కోపం.

"అయిదు నెలలు నన్ను తప్పులో ఉంచావు. అది నాకు చేసిన మర్యాద అనుకున్నావా?" అన్నాడట.

సుగుణ రెండో నోటుబుక్కు తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన పక్కనున్న బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. గంటసేపు చదివాడు. నాకు బెంచీ మీద కాళ్ళు తిమ్మిరెక్కాయి. చివరికి లేచి గోడ మీద చార్టుకున్న పిన్నులు ఒక్కొక్కటే ఊడదీసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నీ చార్టు పెద్దగా గీసి ఇక్కడ పెట్టు, కింద నీ సంతకం పెట్టడం మర్చిపోకు, అన్నాడట.

కమిటీ కూర్చోకముందే ఆ ఉత్తరం వెనక్కి తీసుకున్నాడు. అసిస్టెంట్‌షిప్ నిలిచింది. బెకర్‌ని మెచ్చుకోవాల్సిందే. అయినా ఉన్నమాట చెప్పాలి, అయిదు నెలలు ఆ అంకెలు చూస్తూ కూడా ఆయన ఒక్కసారి బేస్‌మెంట్‌కి దిగలేదు. నేనూ దిగలేదు. ఆ విషయంలో ఇద్దరం ఒకటే.

నా వంతు

కొత్త ఉత్తరం పట్టుకుని సుగుణ మా ఆఫీసుకి వచ్చింది. ఎలెయిన్ ఎప్పుడూ ఎవరినీ కావలించుకోని మనిషి, ఆ రోజు కావలించుకుంది. నేను చిందులు తొక్కాను, ఆఫీసంతా చెప్పుకున్నాను. ఆ హడావుడి తగ్గాక సుగుణ నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఈసారి కుర్చీ నిండుగా కూర్చుంది.

"ఒక మాట చెప్పాలె అక్కా. అక్టోబర్ల నేనడిగితె మీరు సర్దుకొమ్మన్నరు. అది తప్పు సలహా. ఎవరు, ఏం తప్పు అని ఒక్క మాట అడిగినా నేను అన్ని చెప్పేదాన్ని. మొన్న ల్యాబుల గూడ తప్పు నాదే అన్నట్టు కోపం చేసిండ్రు."

నా చెవులు వేడెక్కాయి. చూడు, ఎంత చేస్తే ఏం లాభం, అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల మాత్రం కళ్ళు నా మీదినుంచి తియ్యలేదు. బెకర్‌తో అనడానికి తనకు నీళ్ళూ, గొట్టాలూ, జాడీ కావలసొచ్చాయి. నాతో అనడానికి ఏ ఆసరా లేదు, ఉత్త నోటితో అంది.

"అవునమ్మా. తప్పు నాదే," అన్నాను.

ఆ కుర్చీలో కూర్చుని ఒక విద్యార్థితో నేను ఆ మాట అనడం అదే మొదలు. అసిస్టెంట్‌షిప్ నిలిచిందన్న ఉత్తరం చూసినప్పుడు సంతోషపడ్డాను. ఈ మాట విన్నప్పుడు మాత్రం గర్వపడ్డాను, నా పిల్ల గెలిచినంత గర్వం, కళ్ళు చెమర్చాయి కూడా. అది చూసి సుగుణ కంగారుపడి, సారీ అక్కా, సారీ అక్కా అంటూ నాలుగుసార్లు చెప్పింది. సారీ చెప్పావంటే చంపుతాను అన్నాను.

వెళ్ళేముందు ఇంకో మాట కూడా అంది. ఆగస్టులో కొత్తవాళ్ళకు నేనొక్కదాన్నే చెప్పకూడదట, తనూ చెబుతుందట. పాత విద్యార్థుల చేత కొత్తవాళ్ళకు చెప్పించడం మా ఆఫీసులో అలా మొదలైంది. రిటైరయ్యేదాకా నేను ఆ పద్ధతి మానలేదు. ఆ పదకొండు పేజీల కరపత్రం చదివి ఒడ్డున పడినవాళ్ళని నేను ఎరగను. ముందు ఏడాది మునిగి తేలిన మనిషి నోటితో విని ఒడ్డున పడినవాళ్ళు లెక్కలేనంతమంది.

ఆగస్టు

ఆ ఆగస్టులో హాల్లో నలభైమంది కొత్త విద్యార్థులు, సగం మంది మనవాళ్ళే, ప్రయాణం బడలిక ఇంకా తీరనివాళ్ళు. నేను పొద్దున్నే వచ్చి ఆ వారం పనులన్నీ బోర్డు మీద రాశాను, ఏ రోజు ఏ బిల్డింగుకి వెళ్ళాలో. రాసి వెనక వరసలో కూర్చున్నాను. సుగుణ ముందుకు వచ్చింది. కాగితం లేదు చేతిలో. నేను అయిదు నెలలు తప్పు లెక్కలు చూపించాను, తప్పని తెలిసే చూపించాను, అని మొదలుపెట్టింది.

అంతా చెప్పింది. మీటరు, చార్టు, రెండు నోటుబుక్కులు, ఇంటికి పంపబోయిన ఉత్తరం. ఆఖర్న నా వైపు వేలు చూపించి, ఈ అక్క చాలా మంచిది, అయినా నాకు తప్పు సలహా ఇచ్చింది, ఈమెది తప్పయితే ఈమెకి కూడా చెప్పండి, అంది. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరికైనా ఏమైనా అడగాలని ఉందా అంది సుగుణ. ఎప్పటిలాగే ఎవరూ కదల్లేదు.

అప్పుడు నా ముందు వరసలో ఒక అమ్మాయి సగం లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచింది. గుంటూరు నుంచి రెండు రోజుల కిందటే దిగిన పిల్ల. నా వైపు తిరిగింది.

"ఏమనుకోకండి మేడమ్. రేపు ఆరోగ్య పరీక్షలకని బోర్డు మీద మీరు రాసిన బిల్డింగు తప్పండి. పొద్దున చూసి వద్దామని వెళ్ళాను, అది మూసేసి ఉంది. పక్కదాంట్లోకి మార్చారని కాగితం అంటించారు."

నేను లేచి వెళ్ళి, నలభైమంది చూస్తుండగా నేను రాసింది తుడిచేసి, ఆ అమ్మాయి చెప్పిన పేరు పెద్ద అక్షరాలతో రాశాను.